నాజరుగారు వేసిన తాళం

గురువారం ఉదయం నగర్‌నార్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్న నాజరుగారి పెద్దకుమారుడు మాట్లాడాడు. "మాస్టారూ, బాపు పోయిండు. కోంటల ఇంట్లనే. రాత్రి అన్నం తిన్నడు, మంచిగనే పండుకున్నడట. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు. అతనికి కూడా ఇప్పుడు ఉద్యోగ విరమణ దగ్గరపడింది కాని, ఒకప్పుడు నా తరగతిలో మూడో వరుసలో కూర్చున్నవాడు. "తిన్నడు కాదు, తిన్నాడు" అని అతణ్ణి ఎన్నిసార్లు దిద్ది ఉంటానో లెక్కలేదు. ఆ ఉదయం మాత్రం నా నోటికి దిద్దుబాటు రాలేదు. ఎన్ని గంటలకు తీసుకువెళ్తున్నారని మాత్రం అడిగి, దొరికిన మొదటి బస్సు ఎక్కాను.

నేనిప్పుడు ఉంటున్న జగదల్‌పూర్ నుంచి కోంటాకు దూరం తక్కువ కాదు. తోంగ్‌పాల్‌లో టీ కోసం బస్సు ఆగినప్పుడు మళ్లీ ఫోను వచ్చింది. వాన పట్టేలా ఉందని పెద్దలు తొందరపెట్టడంతో, అతను కూడా చేరకముందే శబరి ఏటి ఒడ్డున తమ్ముడి చేతుల మీదుగా దహనం జరిగిపోయిందట. కడసారి చూపు నాకు దక్కలేదు. దక్కిన జ్ఞాపకాలను, నాకు చేతనైనంత వరకు తప్పులు లేకుండా, పాఠకుల ముందు పెడుతున్నాను.

కోంటాలో మా రెండిళ్లకు మధ్య ఉన్నది ఒకే గోడ. నేను బడిపంతులును; పగలంతా హిందీలో పాఠాలు చెప్పి, సాయంకాలం ఇంట్లో తెలుగు పుస్తకాలు ముందు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. ఆయన తహసీలు కచేరీలో నాజరు. బస్తర్ సంస్థానం విలీనమైన తరువాత, రాజుగారి కాలపు కాగితాలను కొత్త ప్రభుత్వపు కాగితాలుగా మార్చే పని ఇంకా ముగియని రోజుల్లో, చిన్న గుమస్తాగా చేరి నాజరు అయ్యారు. నాజరు అంటే నేటి పిల్లలకు తెలియదు. కచేరీ సామాను, జప్తు చేసిన సామాను, దిక్కులేని సామాను, అన్నీ అతని కాపలాలో ఉంటాయి. ఆ మూడోదాని గురించే నేను ఎక్కువగా చెప్పబోతున్నాను.

వారసులు ఎవరూ లేకుండా మనిషి మరణిస్తే అతని ఆస్తి చివరకు ప్రభుత్వానికి చెందుతుందని చట్టం. ఈ వాక్యంలో అందరూ "ప్రభుత్వానికి" అన్న మాటనే పట్టుకుంటారు. నాజరుగారు "చివరకు" అన్న మాటను పట్టుకున్నారు. ముందు పంచనామా జరగాలి. ఇంట్లో ఉన్నవన్నీ జాబితా రాసి, తలుపుకు తాళం వేసి, దాని మీద లక్క ముద్ర వేయాలి. సంతలో దండోరా వేయించాలి. భూమి అయితే తహసీల్దారు స్వాధీనం చేసుకొని, ఒక్కొక్క ఏడాదికి మాత్రమే కౌలుకిస్తూ మూడేళ్లు ఎదురుచూడాలి. ఆ మూడేళ్లలో హక్కుదారు ఎవరైనా వచ్చి అర్జీ పెట్టుకుంటే విచారించి ఇచ్చివేయవచ్చు. ఆస్తిని పుచ్చుకున్న ప్రభుత్వం ఆ మనిషి తీర్చకుండా వదిలిపోయిన బాధ్యతలను కూడా పుచ్చుకోవాలి.

"సర్కారు కూడ వారసుడే మాస్టారూ. కాకుంటే అందరికంటె ఆఖరు వారసుడు. ఆఖరోడు అందరి ముందటికి వచ్చి నిలబడితే బాగుంటదా?" అనేవారు.

కచేరీలో ఇలాంటి ఆస్తిని లావారిస్ అని వ్యవహరించేవారు. వారసులు లేనిది మనిషికా, వస్తువుకా, ఆ విశేషణం దేనికి అన్వయిస్తుంది అని నేను ఒకసారి వాదనకు దిగాను. ఆయన ఓపికగా విని, "మీరు దాన్ని ఏ పేరుతో పిలిచినా, వేసే తాళం ఒక్కటే గద" అని లక్క డబ్బా మూత పెట్టారు. అయినా ఆయన పంచనామాలకు నన్నే సాక్షిగా పిలిచేవారు. మరొకరైతే చదవకుండా సంతకం పెడతారని, నేనైతే అక్షరం అక్షరం చదువుతానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంత వరకు నిలిచిందో తరువాత చెబుతాను.

బస్సుల అడ్డా దగ్గర కొండచీపుర్లు అమ్మే ఒంటరి ముసలమ్మ పోయినప్పుడు ఆమెకు మిగిలినవి ఒక చాప, రెండు కుండలు, ఒక కోడిపుంజు. జాబితాలో ఆయన "కోడిపుంజు ఒకటి, సజీవం" అని రాశారు.

"కోడిపుంజు అంటే చాలదా? సజీవం అని ఎందుకు?" అన్నాను.

"రేపు వేలానికి చచ్చినదాన్ని పట్టుకొస్తే అడుగుతరు గద మాస్టారూ" అన్నారు.

వేలం రోజు వచ్చేదాకా ఆ పుంజు వారి పెరట్లోనే ఉంది. ఆ వారం రోజులు ఇంట్లో కోడికూర వండనివ్వలేదు. వాసన వస్తే ఊరివారు ఏమనుకుంటారో అని భయం. "మా ఇంట్ల మూడు తీర్ల జీవాలున్నయి. మావి, పక్కింటోళ్లవి, సర్కారువి. అన్నిట్ల సర్కారుదే దర్జాగా తింటది" అని వారి భార్య గోడ మీదుగా మా ఇంట్లోకి వినిపించేలా అనేది. ఆమెను మేమందరం వదినగారు అని పిలిచేవాళ్లం. నాజరుగారి కంటె రెండు తరగతులు తక్కువ చదివి, ఆయనకంటె రెండు రెట్లు ఎక్కువ చూసే మనిషి ఆమె.

దండోరా విషయంలో ఆయనకొక పట్టుదల ఉండేది. కచేరీ కాగితం హిందీలో ఉంటుంది. సంతకు వచ్చేవారిలో సగం మందికి అది డప్పు చప్పుడు తరువాత వచ్చే మరొక చప్పుడు మాత్రమే. అందుకని డప్పు కొట్టేవాడి పక్కన నిలబడి, తాను తెలుగులో చెప్పి, తెలిసినవారిని బతిమాలి దోర్లిలో, గోండిలో కూడా చెప్పించేవారు. "వినపడ్డదా? అర్థమైందా?" అని అడిగేవారు. తల ఊపితే చాలదు. ఏం అర్థమైందో తిరిగి చెప్పమనేవారు. బడిలో నేను కూడా అంత పని చేయలేదు.

ఇక దర్జీ సంగతి.

వ్యాపారుల వీధిలో, బట్టల షావుకారు కొట్టు పక్కనే, ఒక దర్జీ ఉండేవాడు. కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. ముందు గది దుకాణం, వెనుక గది కాపురం, దాని వెనుక కొద్దిగా ఖాళీ జాగా. అన్నీ అతని పేరుమీదే పట్టా. పలుకు తక్కువ మనిషి. ఏటా పంటలు ఇంటికి చేరిన తరువాత నాలుగు రోజులు దుకాణం మూసి ఎక్కడికో వెళ్లి వచ్చేవాడు. స్వగ్రామానికి వెళ్తున్నాడని మేమందరం అనుకున్నాం, ఎవరూ అడగలేదు. ఒక వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. బంధువులు ఎవరో, ఊరేదో ఎవరికీ తెలియలేదు. వీధివారే దహనం చేశారు. నాజరుగారు లక్క డబ్బాతో వచ్చారు.

తాళం వేయబోతుండగా గొడవ మొదలయింది. లోపల ఊరందరి గుడ్డలూ ఉన్నాయి. కుట్టినవి, సగం కుట్టినవి, కత్తిరించి పెట్టినవి. చీటీలు లేవు, పేర్లు లేవు. ఎవరిది ఏదో దర్జీకి మాత్రమే తెలుసు.

"మా పిల్ల లగ్గం ఎల్లుండి నాజరుబాబూ! రైకలు లోపలున్నయి. సర్కారు కట్టుకుంటదా వాటిని?" అని ఒకామె నిలదీసింది.

"అమ్మా, చచ్చిపోయినాయన సొమ్ముకే నేను కాపలా. మీ సొమ్ముకు తాళం వేసే హక్కు నాకు లేదు" అని ఆయన వీధిలో బల్ల వేయించారు. ఒక్కొక్క గుడ్డను పైకెత్తి చూపడం, నాదన్నవారి ఒంటికి ఆనించి చూడడం. సరిపోతే సంతకమో వేలిముద్రో తీసుకొని ఇచ్చివేయడం. ఆడవారి గుడ్డలను వదినగారు వెనుక గదిలో చూసింది. ఒక పెద్దమనిషి మంచి పాప్లిన్ చొక్కా తనదేనని పట్టుకున్నాడు.

"తొడుగు" అన్నారు నాజరుగారు.

తొడిగాడు. బొత్తాలు బొజ్జ దగ్గరకు వచ్చి ఆగిపోయాయి. వీధంతా నవ్వింది. "జ్వరం దర్జీకి వచ్చిందా, నీకొచ్చిందా? కొలతలిచ్చినంక ఇంత ఉబ్బినవేంది?" అన్నారు నాజరుగారు. ఆ మనిషి కూడా నవ్వి చొక్కా విప్పి ఇచ్చాడు. అదే చొక్కా సన్నని అటవీ గార్డుకు ఒంటికి పోసినట్టు సరిపోయింది.

సాయంకాలానికి ఊరి గుడ్డలన్నీ ఊరికి చేరాయి. అందరమూ అలసిపోయాం. వాన మొదలయింది. ఇక మిగిలిన దర్జీ సొంత సామాను జాబితా రాయాలి. కుట్టు మిషను ఒకటి, కత్తెరలు రెండు, ఇస్త్రీ పెట్టె ఒకటి, మంచం ఒకటి. ఒక రేకు పెట్టె తెరిస్తే లోపలి మూటలో పైన వెలిసిపోయిన చిన్న గౌను కనిపించింది. దాని కింద మరికొన్ని పాతవి. అతుకులకు దాచుకున్న గుడ్డపేలికలని అనుకున్నాం. "పాత బట్టలు, మూట ఒకటి, విలువ లేదు" అని నాజరుగారు రాశారు. నేను చదివాను. ఒక అక్షరదోషం కూడా లేదు. సంతకం పెట్టాను.

తాళం పడింది, ముద్ర పడింది. దండోరా ఎప్పటిలాగే వేశారు. ఎవరూ రాలేదు. విలువైన చిన్న సామాను, రేకు పెట్టె కచేరీలోని నాజరు గదికి చేరాయి. మిషను మాత్రం వెనుక గదిలోనే ఉండిపోయింది. ముందు గదిని, జాగాను పక్క షావుకారు ఏడాది కౌలుకు తీసుకొని చింతపండు నిల్వ చేశాడు. రెండో ఏడు కూడా ఆయనే, మూడో ఏడు కూడా ఆయనే. గడువు ముగిస్తే దాన్ని ప్రభుత్వం దగ్గర సొంతం చేసుకోవాలని ఆయన ఆశ. అది దాచుకోవలసిన ఆశ కూడా కాదు. నడుమ గోడ ఎక్కడ తొలగించాలో మాకు చూపించేవాడు.

మూడేళ్లు నిండడానికి ఇంకా ఇరవై రోజులు ఉన్నాయనగా కచేరీ పెంకులు కురవడం మొదలుపెట్టాయి. నాజరు గదిలో సామాను తడిసింది. పంచుల, అంటే మా వంటి సాక్షుల, ఎదుట కాగితం రాసి, రేకు పెట్టెలో తడిసిన ఆ మూటను ఇంటికి తెచ్చి ఆరవేయమని వదినగారికి ఇచ్చారు. ఆ రోజు కొద్దిగా ఎండ కాసింది. మధ్యాహ్నం ఆమె గోడ దగ్గరకు వచ్చి, "మాస్టారుగారూ, మా ఆయన్ని తోడుకొని రండి. ఒక్కపారి ఇటు చూడాలె" అంది.

మా నడుమ గోడ పొడుగునా ఆమె ఆ బట్టలను ఒక్కొక్కటిగా పరిచింది. జానెడు గౌను ఒకటి. దాని పక్కన కొంచెం పెద్దది. ఆ పక్కన మరికొంచెం పెద్దది. తరువాత లంగాలు, జాకెట్లు. మొత్తం పదకొండు జతలు. అన్నిటికీ మెడ చుట్టూ ఒకే ఆకుపచ్చ అంచు పట్టీ.

"పాత బట్టలని రాసిన్రు గద. ఇవి పాత బట్టలు కావు. ఒక్క పిల్లవి" అంది వదినగారు.

నాజరుగారు గోడ పట్టుకొని నిలబడిపోయారు.

ఆమె ఒక జాకెట్టును తిరగేసి చూపించింది. "పెరిగే పిల్లకు ఊహ మీద కుట్టేటోడు లోపల మూడు వేళ్ల వెడల్పు గుడ్డ వదులుతడు. ఇందుల వేలెడు గూడ లేదు. అంటే ఏటేటా పిల్లను ఎదురుగ నిలబెట్టి కొలిచి కుట్టిండు. చూడుండ్రి, మోచేతుల కాడ వెలిసినయి. తొడిగినయే ఇవన్ని. కొత్త జత ఇచ్చి, పాతది తెచ్చుకొని దాచుకున్నడు. ఆఖరు జత మాత్రం ఇందుల లేదు. అది పిల్ల కాడ ఉంటది."

నాజరుగారు చాలా మెల్లగా, "ఇన్ని రోజులు నేను తాళం వేసింది బిడ్డ ఉన్నోడి ఇంటికా?" అన్నారు.

పక్క షావుకారు దగ్గరకు ఇద్దరమూ వెళ్లాం. ఆయన అరుగు మీద కూర్చొని తమలపాకుల ఈనెలు తీస్తున్నాడు.

"దర్జీ ఏటేటా ఎటు పోయేటోడు?" అని అడిగారు నాజరుగారు.

"నాకేం ఎరుక?"

"పక్క పక్కన పదమూడేళ్లున్నరు."

షావుకారు ఆకు మడిచి నోట్లో పెట్టుకొని, నమలడం సగం పూర్తయ్యాక అన్నాడు. "కోస్తకు పోవాలంటే ఏరు దాటాలె గద. ఆయన ఏరు దాటంగ నేనెన్నడు చూడలే. సైకిలు మీద మిషిని తలకాయ కట్టుకొని మరైగూడ తోవ పట్టేటోడు."

"ఈ ముచ్చట మూడేళ్ల కింద చెప్పకపోతివి?"

"నన్నెవరన్న అడిగిన్రా? నువ్వు ఊరందరి కొలతలు చూసినవు, నన్నొక్క మాట అడిగినవా?"

నిజమే, అడగలేదు. మేమిద్దరమూ అడగలేదు.

ఆదివారం సైకిళ్ల మీద బయలుదేరాం. బురద వల్ల సగం దారి మేము వాటిని ఎక్కడం కాక, అవే మమ్మల్ని ఎక్కేలా ఉన్నాయి. మరైగూడలో దర్జీ పేరు చెబితే ఎవరికీ తెలియలేదు. మిషను తెచ్చేవాడు అనగానే, "మిషిని అల్లుడా!" అని ఒకాయన వెంటనే దారి చూపించాడు. ఊరి చివర దోర్ల గుడిసెలు. ఒక ముసలమ్మ వాకిట్లో చాటతో ధాన్యం చెరుగుతోంది. పక్కన పదహారేళ్ల పిల్ల.

మేము సర్కారు మనుషులమని తెలియగానే ముసలమ్మ లేచి నిలబడింది. నాజరుగారు మట్టి మీదే కూర్చున్నారు. ఆమె కూడా మళ్లీ కూర్చోక తప్పలేదు.

"మా బిడ్డను చేసుకున్నడు. ఈ ఇంట్లనే ఉండి రెండేండ్లు మాతోని ఎవుసం చేసినంకనే పెళ్లి చేసినం. ఊరంత తిన్నది. ఈ పిల్ల పుట్టినంక ఏడాదికి నా బిడ్డ పోయింది" అని ముసలమ్మ చెప్పింది. "ఆ బజార్ల మాతోని చుట్టరికం ఉన్నదంటే జాగా ఇయ్యరని అక్కడ చెప్పలే. ఏడాదికోపారి వచ్చి పిల్లకు బట్టలు కుట్టిపోయేటోడు. ఊరోళ్లకు గూడ కుట్టేటోడు. పిల్ల మిషిని చక్రం తిప్పేది."

"ఆయన పోయిన సంగతి మీకు తెల్వదా అవ్వా?"

"ఎందుకు తెల్వదు సారూ? సంతల విన్నం. వారం కాకముందే పిల్లను తీసుకొని వచ్చిన. తలుపుకు ఎర్ర ముద్దర ఉన్నది. సర్కారు ముద్దర. ఇగ మనదేముంటది అనుకున్నం. బజార్ల నిలబడి చూసినం, మళ్లి వచ్చినం."

"నాలుగు భాషలల్ల దండోరా వేయించిన గద అవ్వా, వారసులు రావచ్చు అని?"

"వారసులను రమ్మన్నరు సారూ. మమ్ముల రమ్మనలే గద" అంది ముసలమ్మ, ఎంతో సహజంగా.

తిరుగు దారిలో నాజరుగారు వాగు దగ్గర సైకిలు ఆపి, "అది కాపలా తాళం మాస్టారూ. వాళ్ల సొమ్ము ఎవరు ముట్టకుండ వేసిన. దాన్ని చూసి వాళ్లే వెనకకు మళ్లిన్రు" అన్నారు. వాగు నీటితో ముఖం కడుక్కున్నారు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

గడువుకు పన్నెండు రోజుల ముందు అమ్మమ్మ మనుమరాలి తరఫున అర్జీ పెట్టింది. విచారణ రోజు మరైగూడ పెద్దలు నలుగురు వచ్చి పెళ్లి జరిగిందని చెప్పారు. తహసీల్దారు ఉత్తరాది మనిషి. చెడ్డవాడు కాడు, కాని కాగితం తప్ప మరొక సాక్షి ఎరుగడు. కచేరీ గచ్చు మీద పదకొండు జతలూ వరుసగా పరిచారు. ఆ పిల్ల తన సంచిలోంచి పన్నెండో జత తీసి వరుస చివర పెట్టింది. అదే ఆకుపచ్చ పట్టీ. వెలిసిపోయే అవకాశం కూడా ఇవ్వకుండా దాచుకుంది.

తహసీల్దారు జాబితా తెరిచి హిందీలో అడిగారు. "ఇక్కడ పాత బట్టలు మూట ఒకటి అని ఉంది. పదకొండు జతలని లేదు, పిల్లవని లేదు. రేపు ఎవరైనా ఈ బట్టలు తరువాత తెచ్చి కలిపారంటే ఏం చెబుతారు? తప్పు మీ జాబితాదా, ఈ బట్టలదా?"

పాఠకులు ఆ ప్రశ్న బరువును గమనించాలి. జాబితా సరైనదైతే ఆ బట్టలకు విలువ లేదు. బట్టలకు విలువ ఉండాలంటే జాబితా తప్పు కావాలి. ప్రభుత్వ ఉద్యోగి తన చేతి రాతను తానే తప్పని రికార్డులో చెప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"జాబితా తప్పు సాహెబ్" అన్నారు నాజరుగారు. "రాసింది నేను. పొద్దుపోయింది, వాన వస్తున్నది, మూట విప్పలేదు. నేను ఆ రోజు విప్పి ఉంటే ఈ పిల్ల మూడేళ్లు ఆగేది కాదు. ఇది నా వాంగ్మూలం కింద రాయండి."

"పంచులు చదవలేదా?"

గదిలో రెండో వరుసలో నేను కూర్చొని ఉన్నాను. కామా జారితే పుస్తకం తిరిగి ఇచ్చేసే మాస్టారునని ఊరివారంతా నన్ను ఎరుగుదురు. ఆ మూటలో ఏముందని నేను అడగలేదు. లేచి ఆ మాట చెప్పవలసినవాణ్ణి.

"పంచులు నేను చూపించినంత వరకే చూస్తరు సాహెబ్. చూపించనిది నా తప్పు" అన్నారు నాజరుగారు, నా వైపు తిరగకుండానే.

నేను లేవలేదు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఆయన పోయిన తరువాత రాస్తున్నానంటే, ఆయన ఉండగా రాయడానికి నాకు ధైర్యం చాలలేదని అర్థం.

చివరి సాక్షి షావుకారు. ఆయన నోరు మెదపకపోతే దర్జీ మరైగూడ వెళ్లేవాడని ఊరిలో చూసినవారు మరొకరు లేరు. నోరు మెదిపితే ఆ జాగా ఆయన చేతికి రాదు. గచ్చు మీది బట్టల వైపు కొంతసేపు చూశాడు. "చూసిన సాబ్. ప్రతి ఏడు చూసిన. సైకిలు మీద మిషిని, చేతుల కొత్త బట్టల పొట్లం. మరైగూడ తోవనే" అన్నాడు. బయటికి వచ్చి నాజరుగారితో, "నీ వల్ల నా చింతపండు బజార్ల పడ్డది" అని విసుక్కున్నాడు. "ఆ పిల్ల కౌలుకిస్తదేమో అడుగు. ఈ పారి ముందుగాల అడుగు" అన్నారు ఈయన.

విచారణ ముగించి, ఆస్తిని కూతురికి స్వాధీనం చేయమని తహసీల్దారు ఉత్తర్వు ఇచ్చారు. అదే రోజు నాజరుగారికి మందలింపు కాగితం కూడా ఇచ్చారు. రెండింటి మీదా తారీఖు ఒక్కటే. పదోన్నతి జాబితా వచ్చినప్పుడు ఆ కాగితం అడ్డుపడింది; ఆయన నాజరుగానే మిగిలి నాజరుగానే విరమించారు. దాని గురించి నేను బాధపడితే, "తప్పు చేసినోళ్లు చానమంది ఉంటరు మాస్టారూ. దిద్దుకునే జాగ నాకు దొరికింది. అందరికి దొరకదు" అన్నారు. ఆ తరువాత ఆయన జాబితాలలో మూట అన్న మాటే ఉండేది కాదు. చేతిరుమాలు కూడా విప్పి, రంగు రాసి, చిరుగు ఎక్కడుందో రాసేవారు. ముద్ర వేసిన తలుపు మీద "ఇది కాపలా కొరకు మాత్రమే. మీదైతే వచ్చి అడగండి" అని అట్ట కట్టేవారు. చదువు రానివారి కోసం, దండోరాలో వారసులన్న మాట మానేసి, "ఆయన మీకు ఎవరైనా అయితే రండి, ఏమీ తేకుండానైనా రండి" అని చెప్పించేవారు. ఆ వాక్యం వ్యాకరణరీత్యా కొంచెం వదులుగా ఉందని నాకు తెలుసు. దిద్దలేదు.

ఉత్తర్వు అందిన రోజే షావుకారు చింతపండు ఖాళీ చేయడంతో నాజరుగారు దుకాణానికి మళ్లీ తాళం, ముద్ర వేశారు; మరునాడు ఆ తాళం తీయడానికి వెళ్లాం. వానలు వెనుకబడి ఎండ తీవ్రంగా కాస్తోంది. నాజరుగారి చంకలో, ఆ పిల్లతో కుట్టించుకోవాలని తెచ్చిన, చొక్కాకు సరిపడా తెల్లగుడ్డ ముక్క ఒకటి ఉంది. మెట్ల మీద అమ్మమ్మ, మనుమరాలు. ఆయన చాకుతో లక్క ముద్రను పెళ్లగించి, పొడిని కూడా వేలితో తుడిచి, తాళం తీశారు. తాళాన్నీ తాళంచెవినీ ఆ పిల్ల చేతిలో పెట్టి మెట్లు దిగి వీధిలోకి వచ్చేశారు.

వాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. చింతపండు పులుపు వాసన బయటిదాకా వచ్చింది. వెనుక గది తలుపు తెరిచిన చప్పుడు, ఆ తరువాత మిషను మీద గుడ్డ కప్పు లాగిన చప్పుడు వినిపించాయి.

"పదండి, సామాను జాబితాతో సరిచూడాలి కదా" అన్నాను.

ఆయన కదలలేదు. "ఇప్పుడది సర్కారు తాళంల లేదు మాస్టారూ. పిలవకుండ ఎట్ల పోతం?"

లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మమ్మల్ని పిలవాలని వారికి తోచలేదు. సర్కారు మనిషిని లోపలికి రమ్మని పిలిచే హక్కు తమకుందని వారికి ఎవరు చెప్పారు? షావుకారు తన అరుగు మీది నుంచి, "ఎండల మాడుతరేంది? ఇటు నీడకు రండ్రి" అని కేకవేశాడు. నేను వెళ్లి కూర్చున్నాను. ఆయన వెళ్లలేదు. మెడ వెనుక చెమట చొక్కా కాలరును తడిపేస్తోంది. దారిన పోయేవారు ఆగి చూసి పోతున్నారు. ఆయన తెల్లగుడ్డను రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకొని, మొదటి రోజు బడికి వచ్చిన పిల్లవాడిలా, ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డారు.

చాలాసేపటి తరువాత ఆ పిల్ల దుమ్ము చేతులతో గుమ్మంలోకి వచ్చింది. వీధిలో ఆయనను చూసి ఆశ్చర్యపోయింది. ఒక అడుగు పక్కకు జరిగి, తలుపు రెండో రెక్క కూడా బార్లా తెరిచింది.

"ఎండల నిలబడ్డవేంది దాదా? లోపలికి రా" అంది, అన్నను పిలిచినట్టు.

ఆయన చెప్పులు మెట్టు కింద విడిచి, తల వంచి, లోపలికి వెళ్లారు.